గేదె కంటే ముందు ప్రోనోటు

ఎంసీపీ ఫారంలో ఒక గడి ఉంటుంది: అప్పు దేనికి?

2022 ఎండాకాలంలో, మా పొదుపు సంఘానికి బ్యాంకు నుంచి మొదటి అప్పు కోసం ఆ ఫారం నింపుతున్నాం. ఎంసీపీ అంటే సూక్ష్మ రుణ ప్రణాళిక. ఒక్కో సభ్యురాలి ఇంటికి నెలకు ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఎంత అప్పు కావాలి, ఎట్లా తిరిగి కడుతుంది, అన్నీ అందులో రాయాలి. ఊళ్ళో సంఘాల పని చూసే మా యానిమేటరక్క నా పేరు రాసి, నన్ను అడక్కుండానే ఆ గడిలో 'గేదె' అని పెట్టేసింది. నాకు ముందున్న నలుగురికీ అదే రాసింది.

"నాకు గేదె వద్దక్కా. పాత అప్పు తీర్చుకోడానికి అని రాయి," అన్నాను.

పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. "అట్ట రాస్తే బ్యాంకోళ్ళు ఇస్తారామ్మే? అప్పు తీర్చడానికి అప్పు ఎవురన్నా ఇస్తారా?"

ఇస్తారు. సంఘాల అప్పుల గురించి రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల్లోనే ఆ మాట ఉంది. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుకోవడానికీ, ఇల్లు బాగు చేసుకోవడానికీ, మరుగుదొడ్డి కట్టుకోవడానికీ, బతుకుదెరువుకీ ఈ డబ్బు వాడుకోవచ్చు. ఆ సంగతి అప్పటికి నాకు కూడా తెలియదు. తెలిసిందల్లా, నెలకు 2,100 రూపాయలు వడ్డీ కడుతూ గేదెను మేపితే ఆ పాలన్నీ వడ్డీకి అప్పిచ్చినాయన ఇంట్లో పోసినట్టే అని. మాలాంటి ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మెట్ట ఊరు. వాన పడితే పంట, లేకపోతే బోరు. పొగాకు ఎక్కువ. డిసెంబరు ఆఖరు నుంచి ఆకు కాల్చే బ్యారన్ల దగ్గర పని ఉంటుంది. పచ్చాకు కర్రలకు కట్టడం, కాల్చిన ఆకు గ్రేడింగు చేయడం, అదంతా ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. కలిగిరిలో పొగాకు వేలం జరిగినన్నాళ్ళు ఊళ్ళో డబ్బు ఆడుతుంది. ఆ తరవాత వేసవిలో ఉపాధి పని, అది కూడా అయిపోతే కార్తీకం దాకా చెయ్యి బిగబట్టుకుని ఉండాల్సిందే. ఆదాయం ఆరు నెలలు, ఖర్చు పన్నెండు నెలలు. మా ఊళ్ళో అప్పులన్నీ ఈ లెక్కలోనే పుడతాయి.

మాకు సొంత పొలం లేదు. 2020 నవంబరులో మా ఆయన రెండెకరాలు కౌలుకు తీసుకుని బోరు వేయించారు. పడలేదు. పదిహేను గజాల అవతల ఇంకోటి వేయించారు. అదీ పడలేదు. పిల్లకాయలిద్దరూ బోరు బండి దగ్గరే నిలబడి, నీళ్ళు వస్తాయని సాయంత్రం దాకా చూశారు. బోర్లకని ఊళ్ళో ఒకాయన దగ్గర 70,000 తెచ్చాం. నూటికి మూడు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద. నెలకు 2,100.

ఆ 2,100 కట్టలేని నెల వచ్చినప్పుడు వారం ఫైనాన్సు పట్టుకున్నాం. పదివేలు అంటారు, 1,500 ముందే పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు, వారానికి వెయ్యి చొప్పున పది వారాలు కట్టాలి. సోమవారం పొద్దున ఏడు గంటలకల్లా వసూలు బండి వచ్చేది. ఇంట్లో డబ్బు లేకపోతే పక్కింటి వదిన దగ్గర చేబదులు తెచ్చి కట్టేదాన్ని. పది వారాలు పూర్తి కాకముందే ఇంకోటి ఎత్తి, దాన్నుంచి పాతది కట్టేదాన్ని. చూడ్డానికి 8,500కి 1,500 వడ్డీ లాగా ఉంటుంది కానీ, ఆ 8,500 పది వారాలూ మన దగ్గర ఉండదు. మొదటి వారం నుంచే వెనక్కి పోతుంటుంది, అయిదో వారానికి సగానికి పైగా వెళ్ళిపోయి ఉంటుంది. నిజంగా మన చేతిలో ఆడేది ఆ మొత్తంలో సగం. దానికి రెండున్నర నెలల్లో 1,500 అంటే, మూడు రూపాయల వడ్డీ ఆయనే మేలు.

ఈ లెక్క నాకు సంఘంలో చేరాకే తెలిసింది. పదో తరగతి దాకా చదివాను. లెక్కలు రాకపోవడం కాదు, మా ఇంటి లెక్క ఏనాడూ కాగితం మీద పెట్టలేదు.

మా అమ్మది దూబగుంటకు దగ్గర ఊరే. 1992లో సారా మీద ఆ ఊరి ఆడవాళ్ళు తిరగబడినప్పుడు అమ్మకు నేను ఇంకా పుట్టలేదు, అన్నయ్య చంకలో ఉన్నాడట. వాళ్ళను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ గారి పేరు మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అక్కడ మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా బంద్ అయింది. మగవాళ్ళ జేబుల్లోంచి సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక, నెల్లూరు జిల్లాలో అధికారులు ఆడవాళ్ళను కూర్చోబెట్టి రోజుకో రూపాయి దాచమన్నారు. దాన్ని పొదుపు లక్ష్మి అన్నారు. మా అమ్మ నెలకు ముప్పై రూపాయలు కట్టేది. ఇప్పుడు రాష్ట్రంలో ఊరూరా ఉన్న డ్వాక్రా సంఘాలకు మా జిల్లా ఆడవాళ్ళ రూపాయి కూడా ఒక పునాది. ఆ మాట నాకు గర్వంగా ఉంటుంది. 2000లో సెర్ప్, అంటే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, వచ్చి వెలుగు అనే పేరుతో సంఘాలను గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యగా కట్టింది. పథకాల పేర్లు ఎన్నిసార్లు మారినా, మండలంలో ఉన్న ఆ ఆఫీసును మేము వెలుగాఫీసు అనే అంటాం.

అంత చరిత్ర ఉన్న చోట పుట్టి కూడా, పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు నేను ఏ సంఘంలోనూ లేను. మా అత్త ఉన్న సంఘం ఇద్దరు కంతులు ఎగ్గొట్టడంతో ఆగిపోయింది. కట్టినవాళ్ళకూ కట్టనివాళ్ళకూ మాటల్లేవు. సంఘం అంటేనే మా ఇంట్లో భయం. "ఒకరి అప్పు ఇంకొకరు కట్టాలంటారు, మనకెందుకు" అని అత్త అనేది. ఆమె భయం ఉత్తిది కాదు. సంఘంలో ఒకరు ఆగితే అందరికీ దెబ్బే.

2021 నవంబరులో యానిమేటరక్క మా వీధికి వచ్చి, ఏ సంఘంలోనూ లేని వాళ్ళను పోగు చేసింది. పదకొండు మందిమి తేలాం. బ్యారన్ పనికి కలిసి పోయేవాళ్ళం ఎక్కువ. ఎవరి ఇల్లు ఎట్లా గడుస్తుందో ఒకరికొకరికి తెలుసు. కొత్తగా సంఘం పెట్టుకునే వాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: పక్కన కూర్చునేది ఎవరో చూసుకుని కూర్చోండి. చుట్టరికం చూసి కాదు, మాట నిలబెట్టుకునే మనిషేనా అని చూసి.

మొదటి మీటింగు రామాలయం అరుగు మీద. పేరు పెట్టుకున్నాం, ఇద్దరు లీడర్లను ఎన్నుకున్నాం, పదిహేను రోజులకోసారి వంద రూపాయల పొదుపు అని తీర్మానం రాశాం. నెలకు తలా రెండు వందలు, సంఘానికి 2,200. ఆలస్యంగా వస్తే పది రూపాయల జరిమానా. పంచసూత్రాలు అని ఆ రోజు చెప్పారు. క్రమం తప్పని మీటింగు, క్రమం తప్పని పొదుపు, ఆ పొదుపులోంచే లోపల అప్పులు ఇచ్చుకోవడం, ఆ అప్పులు గడువుకు తిరిగి కట్టడం, పుస్తకాలు ఎప్పటికప్పుడు రాయడం. అప్పుడు అదేదో పాఠం లాగా విన్నాను. ఆరు నెలల తరవాత బ్యాంకు చూసేది అచ్చంగా ఈ అయిదే. ఖాతా ఏ రోజు తెరిచారన్నది కాదు, పుస్తకాల్లో ఆరు నెలలు సంఘం నడిచినట్టు ఉందా లేదా అన్నదే లెక్క.

పొదుపు ఖాతా తెరవడానికి మూడుసార్లు తిరిగాం. పదకొండు మందీ ఒకేసారి రావాలన్నారు. పదకొండు మందిమి కూలి మానుకుని పోతే ఆ రోజు నెట్‌వర్క్ లేదన్నారు. వెలుగాఫీసు తరఫున మా సంఘాలను చూసే సీసీ గారు ఫోన్ చేసి, సంఘం ఖాతాకు లీడర్ల కాగితాలు చాలు కదా అని చెప్పాక పని అయింది. కొత్త సంఘాలకు ఇది ముందే తెలిస్తే రెండు రోజుల కూలి మిగులుతుంది.

రెండో నెలలో లోపల అప్పు మొదలుపెట్టాం. చేతిలో నాలుగు వేలు కూడా లేవు. నూటికి రూపాయి వడ్డీ. ఆ వడ్డీ మళ్ళీ మా సంఘానికే వస్తుంది, ఎవరి జేబులోకీ పోదు. మొదటి మూడు వేలు నాకే ఇచ్చారు. వారం ఫైనాన్సుకు ఇంకా మూడు వారాలు బాకీ ఉంది. వాళ్ళు కొత్త కార్డు, అంటే ఇంకో అప్పు, ఇస్తామంటున్నారు. ఆ మూడు వేలూ ఒక్కసారే కట్టి, కొత్తది వద్దన్నాను. తరవాతి సోమవారం ఏడింటికి గుమ్మంలో కూర్చుని ఉన్నాను, అలవాటుగా. బండి మా ఇంటి ముందు ఆగకుండా పక్క వీధిలోకి పోయింది. లోపలికి వెళ్ళి ఏడ్చాను. మా అబ్బాయి ఏమైందమ్మా అని అడిగితే చెప్పలేకపోయాను.

ఆ వారమే వాడి పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని మా ఇంటి లెక్క రాయడం మొదలుపెట్టాను. వచ్చింది ఎడమ పక్క, పోయింది కుడి పక్క. ఆరో తరగతి పిల్లవాడు, వాడే గీతలు కొట్టి ఇచ్చాడు. 70,000 తెచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. "అమ్మా, 29,400 వడ్డీ కట్టేశావు. అసలు అట్టే ఉంది," అన్నాడు. వాడు ఎంతో మామూలుగా అన్నాడు, లెక్క సరిపోయిందన్న సంతోషంతో. మా ఆయన అన్నం తింటూ చెయ్యి ఆపేశారు. ఆ రాత్రి ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. కొత్తగా ఏ పైసా వచ్చినా ముందు ఆ నోటు మీదికే పోవాలి.

2022 మే నెలకు ఆరు నెలలు నిండాయి. పొదుపు 13,200, దాని మీద వడ్డీ కొంచెం. పుస్తకాలు చూసి గ్రేడింగు చేశారు. ఉన్న నిధికి ఆరు రెట్లో, కనీసం లక్షన్నరో, ఏది ఎక్కువైతే అది మొదటి అప్పుగా ఇస్తారట. మాకు లక్షన్నర. ఫారం నింపే రోజున గేదె దగ్గర నేను పట్టుబడితే, యానిమేటరక్క మండలంలో సీసీ గారికి ఫోన్ కలిపింది. ఆయన అవతల నుంచి, "రాయొచ్చమ్మా, ఎక్కువ వడ్డీ అప్పు మార్పిడి అని రాయి. రెండు లక్షలు దాటిన అప్పయితే సగం ఆదాయం వచ్చే పనికి చూపించాలి. ఇది లక్షన్నరే," అన్నారు. అక్క 'గేదె' కొట్టేసి పైన ఆ మాట రాసింది. ఆమెను నేను తప్పు పట్టను. మా ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఆ గడిలో గేదె అనే రాస్తున్నారు. రాసినవాళ్ళలో సగం మంది గేదె కొనలేదు, ఆ డబ్బుతో పాత బాకీ కట్టుకుని ఊరుకున్నారు. చేసేదే రాస్తే, తీర్చే దారి కూడా ఆ కాగితం మీదే ఆలోచించుకోవచ్చు కదా.

అసలు గొడవ పంపకంలో వచ్చింది. లక్షన్నరను పదకొండుతో భాగిస్తే తలా 13,600 చిల్లర. ఏ సంఘంలో చూసినా సమానంగా పంచేసుకుంటారు. అందరూ సమానంగా కడుతున్నాం కాబట్టి అది న్యాయంగానే కనబడుతుంది. కానీ పదమూడు వేలతో నా నోటు తెగదు. అవసరం లేని వాళ్ళ చేతిలో ఆ పదమూడు వేలు పండక్కి చీరలైపోతాయి, కంతు మాత్రం రెండేళ్ళు కట్టాలి. నేను ఈ మాట అంటే ఒకామె, "నీ అప్పు పెద్దదని మా వాటా నీకియ్యాలా?" అని ముఖం మీదే అడిగింది. ఆమె అడగడంలో తప్పు లేదు. రెండు మీటింగులు ఎటూ తేలలేదు. మూడో మీటింగుకు నేను ఆ నోటుపుస్తకం తీసుకుపోయాను. మా ఇంట్లో ఎంత వస్తుందో, నెల నెలా ఎవరికి ఎంత పోతుందో అందరి ముందూ చదివాను. సిగ్గుతో గొంతు వణికింది. చదివాక కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మాలో పెద్దావిడ, మొగుడు పోయి ఒక్కతే ఉంటున్న మనిషి, తన లెక్క నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. మూడు ఉంగరాలూ ఒక గొలుసూ తాకట్టులో ఉన్నాయని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు అందరూ చెప్పారు. ముగ్గురు ఈసారికి మాకొద్దు, వచ్చేసారి చూసుకుంటాం అన్నారు. నాకు 40,000, పెద్దావిడకు 30,000, కుట్టు మిషను, గుడ్డలు కొనుక్కునే వదినకు 25,000, మిగతా అయిదుగురికి తలా 11,000. తీర్మానం రాసి పదకొండు మందీ సంతకాలు పెట్టాం. నన్ను ముఖం మీద అడిగినామె వద్దన్న ముగ్గురిలో ఒకరు. ఆమెకు నేను ఈ జన్మలో రుణం తీర్చుకోలేను.

బ్యాంకులో ఇంకో చిక్కు. అప్పు మంజూరయ్యాక, అందులోంచి 15,000 సంఘం పేరు మీద డిపాజిట్టు చేసి ఉంచాలన్నారు. మాకు సరేననిపించింది కూడా, మన డబ్బే కదా అని. సీసీ గారు ఒప్పుకోలేదు. సంఘాల అప్పుకు పది లక్షల దాకా హామీ అడక్కూడదు, డిపాజిట్టు కట్టమనకూడదు, పొదుపు ఖాతాలో డబ్బును పట్టి ఉంచకూడదు, ఇవి రిజర్వు బ్యాంకు నిబంధనలే అని మేనేజరు గారికి చెప్పారు. ఆయన ఇంకో మాట లేకుండా వదిలేశారు. తెలియక ఎన్ని సంఘాలు ఆ డిపాజిట్టుకు అప్పు వడ్డీ కడుతున్నాయో అనిపించి బాధేసింది. మీకు ఎక్కడైనా ఈ మాట ఎదురైతే అక్కడే అడగండి, మర్యాదగానే అడగండి.

2022 ఆగస్టులో డబ్బు పడింది. మూడు లక్షల లోపు సంఘం అప్పుకు ఏడాదికి 7 శాతం వడ్డీ. శాతాలంటే మాకు తలకెక్కదు, నెలకు నూటికి ఎన్ని రూపాయలు అన్నదే మా భాష. ఆ భాషలో ఇది 58 పైసలు. మూడు రూపాయలకూ 58 పైసలకూ తేడా చూడండి.

నలభై వేలు తీసుకుని నోటున్నాయన ఇంటికి పోయాం. ఆయన వెంటనే తీసుకోలేదు. "సగం సగం నాకొద్దు, మొత్తం ఒకేసారి తెండి," అన్నాడు. నెల నెలా 2,100 వచ్చే చెట్టును ఎవరు కొట్టుకుంటారు. మా ఆయన లేవబోయారు. నేను లేవలేదు. "అన్నా, ఇంత కాలం ఒక్క నెల ఆపకుండా కట్టాం. ఈరోజు ఇది తీసుకుని చెల్లు రాయండి," అన్నాను. చివరికి ఆయనే పాత నోటు తెచ్చి, 30,000కి కొత్తది రాయించుకుని, పాతది మా చేతికిచ్చాడు. ఇక్కడ ఒక మాట. అసలు కొంత కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా పాత నోటు వెనక్కి తీసుకుని కొత్తది రాయాలి. నోటిమాట మీద డబ్బు ఇచ్చి రావద్దు. ఇచ్చినాయన మంచివాడే కావచ్చు, ఆయన తరవాత ఆ బీరువా తెరిచేది కొడుకులు.

లెక్క ఎట్లా మారిందో చెబుతాను. ఇంతకు ముందు 2,100 వడ్డీ, అసలు కదలదు. ఇప్పుడు బ్యాంకు కంతు నెలకు సుమారు 1,800, నోటు మీద వడ్డీ 900, కలిపి 2,700. ఆరొందలు పెరిగింది. పెరగదా అని అడిగేవాళ్ళకు నిజమే చెప్పాలి, చేతి నుంచి పోయేది పెరుగుతుంది. కానీ ఇప్పుడు కట్టే దాంట్లో ప్రతి నెలా అసలు కరుగుతోంది. సోమవారాల వెయ్యి లేదు కాబట్టి ఆ ఆరొందలు మోయగలిగాం. వారం ఫైనాన్సు ముందు వదిలించుకోకుండా నేరుగా నోటు మీదికి పోయి ఉంటే మాత్రం మోయలేకపోయేవాళ్ళం.

2023 పొగాకు సీజను నేను ఎప్పుడూ చేయనంతగా చేశాను. పొద్దున పచ్చాకు కట్టడానికి, సాయంత్రం గ్రేడింగుకు. పొగాకు జిగురు గోళ్ళల్లోంచి పోదు, అన్నం ముద్ద చేదు కొడుతుంది. మా ఆయన ట్రాక్టరు మీద పోయారు. అట్లా 18,000 పోగయింది. సంఘంలో లోపల అప్పు 12,000 తీసుకున్నాను. జూన్‌లో రెండో నోటు కూడా ఇంటికి వచ్చింది. అత్త దాన్ని చించి పొయ్యిలో పెడతానంది. ఇవ్వలేదు. రెండు నోట్లూ, అడ్డంగా గీతలు కొట్టి, నా పెట్టెలో ఉన్నాయి.

ఇంత పద్ధతిగా నడిచిందంటే మధ్యలో అన్నీ బాగున్నాయని కాదు. పదకొండు వేలు తీసుకున్న ఒక చెల్లెలు నాలుగు నెలలు కట్టలేదు. భర్త చెన్నైలో పనికి పోయి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆమె మీటింగుకు రావడం కూడా మానేసింది. అత్త చెప్పిన భయం నిజమయ్యే రోజు వచ్చిందనుకున్నాను. లీడరక్క, నేను రెండుసార్లు వాళ్ళింటికి పోయి, డబ్బు సంగతి ఎత్తకుండా కూర్చుని వచ్చాం. మూడోసారి ఆమే ఎత్తింది. ఆ నాలుగు కంతులు సంఘం నిధి నుంచి కట్టి, ఆమె పేరు మీద లోపల అప్పుగా రాసుకున్నాం. ఉపాధి పని మొదలయ్యాక నెలకు మూడు వందలు చొప్పున తీర్చింది. బ్యాంకు దగ్గర ఒక్క కంతు కూడా ఆగలేదు. లోపల నిధి లేని సంఘమైతే ఆ నాలుగు నెలల్లోనే పగిలిపోయేది. సంఘం పొదుపంతా లోపలే తిరుగుతూ ఉండాలనే మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

కంతు డబ్బు లీడరు చేతికి ఇచ్చి పంపే పద్ధతి కూడా మేము పెట్టుకోలేదు. మీటింగులో అందరి ముందూ లెక్కపెట్టడం, ఇద్దరు కలిసి పోయి కట్టడం, రసీదు పుస్తకంలో అంటించడం. లీడరక్క మీద అనుమానంతో కాదు. ఆమే అడిగింది, "నా మీదికి మాట రాకుండా ఇట్ట చేద్దాం" అని.

మొదటి అప్పు 2024 ఆగస్టుకు తీరింది. రెండోసారి నిధికి ఎనిమిది రెట్ల దాకా ఇస్తారట, మాకు ఆరు లక్షలు దాటి వస్తుందన్నారు. చుట్టుపక్కల సంఘాల వాళ్ళు ఎంత వస్తే అంత తీసుకోండి అని చెప్పారు. మేము మూడు లక్షలే అడిగాం. అది దాటితే ఆ 7 శాతం వడ్డీ ఉండదు. పైగా ఈసారి సగమన్నా ఆదాయం వచ్చే పనికి చూపించాలి, చూపించడమే కాదు, నిజంగా చేయాలి. ఎవరికి ఎంత అని కూర్చుంటే, ఒక్క పూటలో తేలిపోయింది.

ఈసారి నా గడిలో గేదె అని నేనే రాశాను.

అరవై వేలు అప్పు, పన్నెండు వేలు దాచింది, మొత్తం 72,000కి రెండో ఈత గేదె. చెవికి ట్యాగు వేయించి బీమా కట్టాం. పూటకు మూడున్నర లీటర్లు. ఇంటికి లీటరు ఉంచుకుని మిగతాది పాల సెంటరుకు. వెన్న శాతం చూసి పది రోజులకోసారి బిల్లు, సుమారు మూడు వేలు. నెలకు తొమ్మిది వేలు అనగానే అందరూ అబ్బో అంటారు. తవుడు, చెక్క, వరిగడ్డి నాలుగు వేల పైనే. కంతు 2,700. మిగిలేది రెండు వేలు. ఎనిమిది నెలలకు వట్టిపోయింది. మళ్ళీ ఈనేదాకా అయిదు నెలలు మేపడమే తప్ప రాబడి లేదు. ఆ అయిదు నెలలూ కంతు కూలి డబ్బుల్లోంచే కట్టాం, ఎందుకంటే కట్టడానికి అదొక్కటే ఉంది. దాని పక్కన 2,100 వడ్డీ కూడా ఉండి ఉంటే, ఆ వట్టిపోయిన నెలల్లోనే గేదెను సగం ధరకు తోలేసేవాళ్ళం. మా ఊళ్ళో సంఘం అప్పుతో కొన్న గేదెలు చాలా వాటికి జరిగింది అదే. గేదె మంచిది కాదని కాదు. ఏ అప్పు నెత్తిన పెట్టుకుని కొంటున్నామో చూసుకోకపోవడమే.

ఇంకో చిన్న పని కూడా చేసుకున్నాం. పదకొండు మందిమీ ఎవరి సొంత ఖాతాలో వాళ్ళు ప్రధానమంత్రి సురక్ష బీమాకు సంతకం పెట్టాం. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి రెండు లక్షలు. పొలాల గట్ల మీద, ట్రాక్టరు ట్రక్కుల్లో తిరిగే వాళ్ళం. నామినీ పేరు రాశారో లేదో మాత్రం చూసుకోవాలి. మాలో నలుగురికి ఖాళీగా వదిలేసి ఉంది.

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. నా నోటుపుస్తకం చూస్తానంది. చదువు రాదు, పేజీలు తిప్పి చూసింది. ఇప్పటికి అవి అయిదు పుస్తకాలయ్యాయి. "మేము రూపాయి గురుగులో వేసే వాళ్ళం. నువ్వు ఇట్ట గీతలు కొట్టి వేస్తున్నావు," అంది.

మాలో ఒకామె పిల్లల దగ్గరికి బెంగుళూరు పోయింది, మా సంఘంలోకి కొత్తగా ఇద్దరు కోడళ్ళు వచ్చారు. ఇద్దరి ఇళ్ళ ముందూ సోమవారం పొద్దున బండి ఆగడం నేను చూస్తూనే ఉన్నాను. వచ్చే మీటింగులో ఎంసీపీ రాయాలి. ఏమేం తేవాలక్కా అని అడిగారు. ఆధారు, బ్యాంకు పుస్తకం, ఫొటో అని చెప్పి, వారం కార్డులు కూడా తెమ్మన్నాను, ఎన్ని ఉంటే అన్నీ.